పదో కార్డు

తేదీ పద్దెనిమిది, బుధవారం
మ్యాటినీకి గేటు తీసే వేళ

మిత్రుడు సోడాకి,

ఆపరేటరు నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా మోకాళ్లు తప్ప. నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ ఒంట్లో సుఖంగా ఉన్నారని అనుకుంటున్నాను. ఇరవై ఒక్క ఏళ్లకి వీడికి నా క్షేమం గుర్తొచ్చిందా అని నువ్వు కవరు చింపకుండానే పొయ్యిలో పెడతావేమోనన్న భయం లేకపోలేదు. మన హాల్లో బుకింగ్‌లో కూర్చునే పెద్దాయన మొన్న కూరగాయల కొట్టు దగ్గర కనబడి నీ చిరునామా రాసిచ్చాడు. నువ్వు ఇంకా టీ మరిగిస్తూ పాత సినిమాల డైలాగులు అప్పజెబుతూనే ఉన్నావట. వినగానే నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఆ నవ్వు నిలవలేదు.

అసలు సంగతి చెబుతాను. ఆదివారం నుంచి నాకు తిండి సయించడం లేదు. కారణం ఒక రేకు పెట్టె.

అరచేతిలో పట్టేంత పెట్టె అది. పక్కన కొక్కెం కూడా ఉంది, సంచికి తగిలించుకుని ఏ పార్టీకైనా పట్టుకుపోవచ్చట. లోపల వంద కార్డులు, చూపుడు వేలంత ఇసుక గడియారం. ప్రతి కార్డు మీదా ఒక సినిమా ప్రశ్న, వెనక జవాబు. ఇందులో ఒకడు గెలిచి ఇంకొకడు ఓడడం ఉండదు, కూర్చున్నవాళ్లందరిదీ ఒకే పక్షం. ఇసుక రాలేలోగా పది కార్డులకి జవాబు చెబితే అందరూ గెలిచినట్టు, ఒక్కటి తప్పినా అందరూ ఓడినట్టు. ఎవరి వంతొస్తే వాళ్లే చెప్పాలి. తక్కినవాళ్లు చేతులతో సైగ చేయొచ్చు గానీ నోరు విప్పకూడదు. తప్పిన కార్డు వెనక తిప్పి చూడకూడదు, మళ్లీ పెట్టెలో కలిపేయాలి. అందరూ ఒకే పక్షమైతే మరి ఆడేది ఎవరితోరా? రేకు పెట్టెతో! నా బుర్రకెక్కలేదు.

అల్లుడికి ఆఫీసులో కుర్చీ పెద్దదైందని ఆ మధ్యాహ్నం వాళ్ల ఆఫీసు జనం ఎనిమిది మంది మా ఇంటికొచ్చారు. చెప్పులు గుమ్మంలో కుప్ప, ఫోన్లు గిన్నెలో కుప్ప. గళ్ల చొక్కావాడొకడు తగుదునమ్మా అని కార్డులు పంచే పని నెత్తినేసుకున్నాడు. ఛీ, ఏం చెప్పమంటావు! కార్డు కార్డుకీ వేలు నాలుకకి రాసుకోవడం, తీయడం. అదే చేత్తో నూనె ఓడే వేపుళ్లు నోట్లో వేసుకోవడం, మళ్లీ నాలుక, మళ్లీ కార్డు. నాకందించిన దాని మీద వాడి బొటనవేలి ముద్ర నిగనిగలాడుతోంది. పైగా ఒక్కో జవాబుకీ అందరూ లేచి ఒకరి అరచేతిని ఒకరు చరుచుకోవాలట. ఎవడి ఎంగిలి ఎవడికంటిందో ఆ దేవుడికే తెలియాలి. నేనేమో ముప్ఫై ఏళ్లు ఫిల్మును అంచులు తప్ప ముట్టుకోకుండా, మధ్యలో వేలు తగిలితే పాపమన్నట్టు అతికించినవాణ్ణి.

పోనీ ప్రశ్నలైనా ప్రశ్నలా? ఏ సినిమాలో కుక్క తాళం తీస్తుంది? హీరోయిన్ గొడుగు ఎన్నిసార్లు గాలికి పోతుంది? ఎవడో ఇల్లు తాకట్టు పెట్టి తీసిన సినిమాలో చివరికి మిగిలింది గొడుగన్నమాట.

అయినా నిజం చెప్పొద్దూ, మొదట్లో నేనూ ఉబ్బిపోయాను. మా నాన్న ఆపరేటరు, ఈ పెట్టె పని ఇవాళ్టితో సరి అని అమ్మాయి ముందే చాటింపేసింది. విలన్ ఎన్ని మెట్లు దొర్లుతాడంటే పంతొమ్మిది అన్నాను. పెళ్లికారు రంగు చెప్పాను. కోర్టు గోడ మీద గడియారం సినిమా సాంతం నాలుగూ పదే చూపిస్తుందని ఎవరూ అడగకుండానే చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ జిడ్డు చేతులే నాకప్పుడు పూలదండల్లా అనిపించాయంటే నా సిగ్గులేనితనం చూసుకో.

తొమ్మిది అయ్యాయి. ఇసుక చిటికెడు మిగిలింది. పదో కార్డు నా వంతుకొచ్చింది. చివర్లో తల్లి కొడుకు మొహం మీద తలుపు వేస్తూ ఒక్క మాట అంటుంది, ఆ మాట ఏది అని ప్రశ్న. ఏ సినిమానో నీకీపాటికి తెలిసే ఉంటుంది. నీ క్యాంటీను పోయిన సినిమా.

ఆ తలుపు నాకు తెలుసురా. ఎడమ చేత్తో వేస్తుంది. గాజు గడియకి తగులుతుంది. కొంగు సందులో ఇరుక్కుంటే లాక్కుంటుంది. అప్పుడు పెదవులు కదులుతాయి. రోజుకి నాలుగాటలు, నూట ఇరవై రోజులు చూశాను. ఏమంటుందో మాత్రం తెలియదు. క్యాబిన్‌లో రెండు మిషన్ల రొద, ముందు మందపాటి అద్దం. లోపలి స్పీకరు పోయిందంటే, బొమ్మ కనబడుతోందిగా, చాలదా అనేవాడు ఓనరు. నేను చూసినవన్నీ మూగ సినిమాలే. నీదేమో దానికి తిరగేసిన బతుకు. గోడవతలే స్పీకరు, పొయ్యి వదిలి తెర మొహం చూసిన పాపాన పోలేదు. ఇంటర్వెల్లో టీ పట్టుకుని నువ్వు మెట్లెక్కొస్తే, ఆమె ఏ రంగు చీర కట్టిందో నేను చెప్పేవాణ్ణి, ఏమని ఏడ్చిందో నువ్వు చెప్పేవాడివి. అలా ఇద్దరం కలిస్తే ఒక సినిమా అయ్యేది. ఆ సినిమాకి ఆ అవకాశం లేకుండా పోయింది. మొదటి రోజు పొద్దుటాటలో నువ్వు విన్నావు, నాకు చెప్పేలోపే మ్యాటినీలో గొడవ. తర్వాత గేటువాణ్ణో ఇంకొకణ్ణో అడగొచ్చు కదా అంటావేమో. అడగబుద్ధి కాలేదు.

ఆదివారం ఎనిమిది మందీ నా ముందు తలుపులు వేసి చూపించారు. అమ్మాయి ఏకంగా లేచి బీరువా తలుపే వేసింది. తలా ఒక ఊహతో పెదాలు కదుపుతున్నారు, శబ్దం లేదు. అచ్చం క్యాబిన్ అద్దంలోంచి చూసినట్టే ఉంది. ఇసుక అయిపోయింది. అందరం ఓడిపోయాం. మా ప్రింటులో అక్కడ సౌండు తెగిపోయిందని ఒక అబద్ధం ఆడాను.

అప్పుడు ఆ గళ్ల చొక్కావాడు వేలు నాకుతూ, అంకుల్ క్యాబిన్‌లో నిద్రపోయేవారేమో అన్నాడు. గుమ్మడికాయ దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు నేను దిగ్గున లేచి నిలబడ్డాను. అమ్మాయికి రోషం వచ్చింది. మా నాన్న సర్వీసులో ఒక్కసారే రీళ్లు తారుమారయ్యాయి, అదీ క్యాంటీను ఆయన పైకొచ్చి కలిపేయడం వల్ల అంది. అంతే, ఆ కథ కావాలన్నారు. అల్లుడు కూజా పట్టుకుని, తూలుతూ, రీలు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నట్టు నిన్ను నటించి చూపించాడు. వాడు నిన్ను చూసింది కూడా లేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆ క్యాంటీనోడు ఇప్పుడేం చేస్తున్నాడో అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. అందరి మీదా అసహ్యం వేసింది. ఆ నోళ్లు, ఆ వేళ్లు, ఆ పకపకలు.

సరే, ఆ రోజు జరిగిందేదో జరిగింది. నువ్వు పైకి రాకుండా ఉంటే బాగుండేది, నేను ఓనరుతో ఇంకాస్త గట్టిగా మాట్లాడి ఉండాల్సింది. ఇద్దరిదీ పొరపాటే అనుకుందాం. ముసలితనంలో పంతాలెందుకు?

వచ్చే ఆదివారం ఇదే గుంపు మళ్లీ వస్తోంది, ఓడిన కసి తీర్చుకోవాలట. ఎవరినైనా తోడు తెచ్చుకో నాన్నా, ఈ ఆటలో ఎంతమందైనా చేరొచ్చు అని అమ్మాయి అంది. నాకు నువ్వు తప్ప ఎవరూ తట్టలేదు. చెల్లెమ్మని కూడా తీసుకుని రా. పన్నెండింటికల్లా వస్తే గళ్ల చొక్కావాడు చేతులు పెట్టకముందే భోంచేయొచ్చు.

ఇక ఉంటాను.

నీ పాత నేస్తం,
పై గదిలో ఆపరేటరు

తా.క. పైన రాసింది మళ్లీ చదువుకున్నాను. ఇద్దరిదీ పొరపాటే అని రాశాను చూడు, ఆ ముక్క ముందు గళ్ల చొక్కావాడి ఎంగిలి వేలే నయం. నాకు రోత పుట్టింది వాళ్ల మీద కాదు, నా మీద. వాళ్లు నవ్వింది నేను కట్టిన కథకే.

ఆ మ్యాటినీలో కడుపునిండా తిని కూర్చున్నాను. తొమ్మిదో రీలు అవగానే కునికిపాట్లతోనే పదికి బదులు పన్నెండు నడిపించి, గోడకానుకుని నిద్రపోయాను. సినిమాలో ఇంకా చావనివాడికి అప్పుడే ఏడుపులేమిటని గోడవతల విని, పొయ్యి అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చింది నువ్వు. నన్ను కుదిపి లేపింది నువ్వు. మిషను ఆపింది నువ్వు. అప్పటికే కింద కుర్చీలు విరుగుతున్నాయి. ఓనరు వచ్చేసరికి సరైన రీలు వెతుకుతూ డబ్బా నీ చేతిలో ఉంది. కబుర్లు చెబుతూ వీడే కలిపేశాడండీ అన్నాను. నువ్వు డబ్బా కింద పెట్టి, నన్ను చూసి, గుమ్మం దగ్గర ఏదో అన్నావు. కింద గోలలో నాకు వినబడలేదు.

ఈ ఉత్తరం అమ్మాయి చేతికిచ్చి, చదివాకే కవరు అంటించమంటాను. ఆదివారం నువ్వొచ్చినా రాకపోయినా, వాళ్లు పెట్టె మూత తీయకముందే అందరికీ ఈ మాట చెబుతాను.

ఇంకొకటి. మూడు రోజులుగా అమ్మాయి సోఫా కింద, చాపల కింద ఒక కార్డు కోసం వెతుకుతోంది. అది ఇందాకటిదాకా నా చొక్కా జేబులోనే ఉంది. కడిగి, తుడిచి, కవర్లో పెట్టాను. వెనక జవాబుంది, నేను తిప్పలేదు. నీకు తిప్పాల్సిన పనే లేదు. వస్తే, ఆ తల్లి ఏమందో వాళ్లకి చెప్పు. గుమ్మం దగ్గర నువ్వేమన్నావో నాకు చెప్పు.