అమ్మ తుడిచిన గాజు బిళ్ల

మార్చి 3
సోమవారం నుంచి అమ్మకు కీమో. జుట్టు ఊడుతుందని డాక్టర్ ముందే చెప్పేసింది. అమ్మ ఏడవలేదు. జడతో ఒక్క ఫోటో తియ్యి, నాన్న కెమెరాతో, అంది. ఫోన్‌లో తీస్తానంటే, ఫోన్ అందరి మొహాలకీ ఒకే సున్నం కొడుతుందే, నాకొద్దు అంది.

నాన్న పోయాక ఆ కెమెరాను ఎవరూ ముట్టలేదు. లెన్స్‌ను లైటుకు పెట్టి చూస్తే లోపలంతా బూజు.

మార్చి 4, సాయంత్రం
రిపేరు షాపతను మూడు వారాలన్నాడు. అంత టైమెక్కడిది? వీడియోలు చూసి నేనే విప్పాను. నాన్న ఏది రిపేరు చేసినా, విప్పిన ప్రతి ముక్కనూ పేపరు మీద వరసగా పెట్టి పక్కన నెంబరు వేసేవాడు. నేనూ అలాగే పెట్టాను.

ఇంతలో ఆఫీసు ఫోన్. మాట్లాడి వచ్చేసరికి అమ్మ ఒక గాజు బిళ్లను కొంగుతో తుడుస్తోంది. నెత్తి కొట్టుకున్నాను. నీ కళ్లద్దాలు పదేళ్లు ఈ కొంగుతోనే తుడిచాను, గుడ్డిదానివేం కాలేదుగా అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఎన్నాళ్లయిందో అలా నవ్వి. బిళ్లను దాని నెంబరు దగ్గరే పెట్టింది. బూజంతా పోయింది. బిగించేశాను.

మార్చి 5
రీలంతా అమ్మే. కిటికీ దగ్గర కుర్చీలో, జడ ముందుకు వేసుకుని. ఆ కెమెరాలో మనం చూసే అద్దం వేరు, ఫోటో తీసే లెన్స్ వేరు. నాకు అంతా బాగానే కనిపించింది.

మార్చి 19
ఫోటోలు వచ్చాయి. ఒక్కదాంట్లోనూ మొహం లేదు. మధ్యలో జడ మాత్రం వెంట్రుకతో సహా తెలుస్తోంది. చుట్టూ ఉన్నదంతా కరిగిపోయింది. లోపల ఒక బిళ్ల తిరగేసి పెట్టారండీ అన్నాడు ల్యాబతను.

ఎవరు తిరగేశారో నాకు తెలుసు. అమ్మకు చచ్చినా చెప్పను. నా చెయ్యి వణికిందని చెప్పాను.

అప్పటికే జుట్టు దిండు మీదికి, దువ్వెనలోకి వచ్చేస్తోంది. అమ్మ ఫోటోను చాలాసేపు చూసింది. జడ బాగా వచ్చిందే అంది. మొహం ఊసే ఎత్తలేదు. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

మార్చి 20
బిళ్ల తిప్పి పెట్టాను.

ఏప్రిల్ 8
అమ్మే అడిగింది, మళ్లీ తియ్యవే అని. తలకు గుడ్డ కట్టనా అంటే వద్దంది. ఈసారి మొహం వస్తుందిలే, పోటీకి జడ లేదుగా అంది. కొత్త రీలు వేశాను. ఒక్కటి తీసేసరికే అలిసిపోయింది. మిగతావి రేపు తీద్దువు గానీ అంది.

జూన్ 2
అమ్మ పోయి నెల దాటింది. రీలు కెమెరాలోనే ఉంది. ఒక్క ఫోటో తీసినా సరే, కడిగిస్తానన్నాడు ల్యాబతను.

రీలు ఇంకా అవలేదని చెప్పాను.