పెద్ద వార్డులో సుశీల

1961 ఆగస్టు 9, బుధవారం. వికారాబాద్, చెల్లెలి ఇల్లు.

తెల్లారితే సాకులు వెతుక్కుంటాను. అందుకే ఈ రోజు చేసిన తప్పును ఇప్పుడే రాస్తున్నాను.

పన్నెండు రోజులు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు బల్ల పక్క సీరియస్ గదిలో ఉన్న మనవరాలు సుశీలను మధ్యాహ్నం మూడింటికి పెద్ద వార్డుకు మార్చారు. న్యుమోనియా తగ్గిందని, ఇక పెద్ద వార్డులో ఉంటే చాలని డాక్టరు నిన్ననే నాతో అన్నాడు. దిష్టి తగులుతుంది, పిల్ల ముందు ఆ మాట ఎత్తవద్దని తాండూరు నుంచి వచ్చిన మా వాళ్లందరికీ నేనే గట్టిగా చెప్పాను. కోడలు "జర చెప్దాం అత్తమ్మా, పిల్ల ఖుషీ అయితది" అంటే కసురుకున్నాను.

పొద్దున ఆరు చెంచాల జావ తాగిన పిల్ల సాయంత్రం ఒక్కటీ తాగలేదు.

"మల్ల గా గదికే తీస్కపో అవ్వా. ఈడ నన్నెవ్వరు చూస్తలేరు."

"గింత పెద్దపిల్లవు, భయమేంది?" అన్నాను.

"నా పక్క మంచం ఆమెను గిట్లనే బయటికి తెచ్చిన్రు. తెల్లారి సచ్చిపోయింది. నన్ను గూడ ఇడిసిపెట్టిన్రా?"

చుట్టూ ఇరవై మంచాలు, అందరి కళ్లూ మా మీదే. అప్పుడు కూడా దిష్టికే భయపడ్డాను. "పిచ్చి మాటలు మాట్లాడకు" అన్నాను. అంతలో గంట కొట్టారు. పెద్ద వార్డులో రాత్రి తోడు ఉండనివ్వరు. ఆ పిల్ల ఇప్పుడు చావు కోసం ఎదురుచూస్తూ పడుకుని ఉంటుంది...

1. రేపు పొద్దున ఏడింటికి గేటు తీయగానే అందరికన్నా ముందు నేను లోపలికి వెళ్లాలి.
2. "నీకు తగ్గింది బిడ్డా" అని ఇరవై మంచాలకూ వినబడేలా చెప్పాలి.
3. దాచింది నేనేనని ఒప్పుకోవాలి, కోడలి ముందే.
4. ఆ తర్వాతే జావ గిన్నె మూత తీయాలి.