రెండో జత

ఏమండీ,

నిన్నటితో మీ సంవత్సరీకం అయింది, ఇక గడప దాటొచ్చన్నారు. ఇవాళ కొవ్వూరు నుంచి బ్రిడ్జి దాటి, మీరు మూడేళ్లు తిరిగినా ఏ స్పీకర్లు కొనాలో తేల్చుకోలేకపోయిన ఆ రాజమండ్రి షాపుకి వెళ్లాను. మీరు పాటలు వింటుంటే నేను మిక్సీ వెయ్యకూడదు. ఆ కసి నాకింకా చావలేదు.

"ఏ పాట పెట్టమంటారండి?" అన్నాడు షాపాయన.

నా ఫోనిచ్చాను. మిక్సీ ఆపమని మీరు తిట్టిన తిట్లు అందులో ఉన్నాయి. మీ చెల్లెలికి వినిపిద్దామని అప్పట్లో రికార్డు చేశాను.

మొదటి జతలో తిట్ల వెనక మీ దగ్గు కూడా స్పష్టంగా వినబడింది. ఆ దగ్గునే నేను నాటకాలన్నాను. ఆ దగ్గుతోనే మీరు పోయారు. రెండో జతలో తిట్లొక్కటే వినబడ్డాయి.

"మొదటివే తీసుకోండమ్మా, ఏదీ దాచవు," అన్నాడాయన.

రెండోవి తెచ్చుకున్నాను.