రాళ్ల నడుమ దొరికిన పసిబిడ్డ

రాజవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన చేన్లో గుండ్రంగా పాతిన పెద్ద రాళ్ల దగ్గర తవ్వడానికి పట్నం నుంచి చదువుకున్నవాళ్లు వచ్చారు. అవి వేల ఏళ్ల నాటి సమాధులట. నిన్న పెద్ద ఎముకల పక్కన పసిబిడ్డ ఎముకలు దొరికాయి.

"పరీక్ష చేసి, అప్పటోళ్లు ఏ జాతోళ్లో తేలుస్తం తాతా," అన్నది తవ్వే పిల్ల.

పుట్టిన మూడో నాడే పోయిన మన బిడ్డను నేను పూడ్చింది ఆ రాళ్ల నడుమనే. పచ్చి బాలింతవని నీకా చోటు చూపించలేదు.

"జర ఆగు బిడ్డా," అన్నాను.

"పరేషాన్ గాకు తాతా, పైలంగ, ఒక్కటీ పగలకుండ తీస్కపోతం."

అవి మన బిడ్డవో, ఆ కాలానివో నాకూ తెలియదు. రేపు పొద్దున ఆ ఎముకల పెట్టె పట్నం పోతుంది. అవి మా బిడ్డవని చెబితే ముందు పేరు అడుగుతారు. మనం పేరే పెట్టలేదు, రాజవ్వా.