ఇస్త్రీ మిషన్‌కు వీడ్కోలు సభ

వదినా,

నవ్వితే నవ్వావు గానీ, ముందు విను. ఒక ఇస్త్రీ మిషన్‌కు వీడ్కోలు సభ చేసినందుకు నా ఉద్యోగం ఊడేలా ఉంది.

ఆసుపత్రి దుప్పట్లన్నీ మా లాండ్రీకే వస్తాయని నీకు తెలుసుగా. వాటిని ఇస్త్రీ చేసే పాత రోలర్ మిషన్‌ను మేం పెద్దమ్మ అంటాం. మా దగ్గర ఏ మిషన్ పాత సామాన్లలోకి పోయినా, పోయే ముందు కేకు కోసి, దాని గురించి తలా ఒక మంచి మాట చెప్పుకోవడం అలవాటు. పిచ్చే అనుకో. రోజంతా ఆవిరిలో ఉడికేవాళ్లకు ఆ మాత్రం పిచ్చి లేకపోతే ఎలా? మొన్న పెద్దమ్మ వంతు వచ్చింది. భోజనాల వేళ దానికి బుడగలు కట్టాం. ఇన్నేళ్లలో మా మీద ఒక్కసారి నోరు పారేసుకోలేదని మడతలు పెట్టే అక్క అంది. ఎవరి మీదా చాడీలు చెప్పలేదని డ్రైవరు అన్నాడు. నా చెయ్యి చిక్కుకున్నప్పుడు తనంతట తనే ఆగిందని నేనన్నాను. చప్పట్లు కొట్టి కేకు తిన్నాం.

చూస్తే తలుపు దగ్గర మా మేనేజరు. ఆయన్ను దొరగారు అంటాం, వినబడకుండా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మేం మిషన్‌ను పొగిడిన ప్రతి మాటా తనను తిట్టినట్టే తీసుకున్నాడు మహానుభావుడు. పైగా ఆయన ఇక్కడికి వచ్చి పాతికేళ్లు నిండింది కూడా ఆ వారమేనట. మాలో ఒక్కరూ పలకరించలేదట. తెలిస్తే మాత్రం ఏం పొగుడుతాం, ఆయన మీసాన్నా? మర్నాడే ముగ్గురికీ నోటీసులు. సభ పేరుతో పై అధికారిని ఎగతాళి చేశామని రాసి సంతకం పెట్టాలట. లేకపోతే పెద్దాఫీసు వాళ్లు విచారించి సాగనంపుతారట. మిగతా ఇద్దరూ పెట్టేశారు. వాళ్లనేం అనను, పిల్లలున్నవాళ్లు. పెట్టేస్తే నీ సొమ్మేం పోయిందని మా ఆయన కూడా పోరు.

నేను పెట్టను. ఎందుకో నీకు మాత్రమే చెబుతున్నాను. నా కుడిచెయ్యి వంటింట్లో కాలిందని అప్పట్లో మీతో అన్నాను కదా, అది అబద్ధం. పెద్దమ్మలో చిక్కుకుంది. నేను కేకలు పెడుతుంటే దొరగారు స్విచ్ పక్కనే నిలబడి, ముందు ఆ దుప్పట్లు బయటికి రానీ అన్నాడు. దుప్పటి ఉండచుట్టుకుని మిషనే ఆగిపోయింది. బయట చెబితే పని ఉండదన్నాడు, నోరు మూసుకున్నాను. ఇనుముకున్న జాలి ఆ మనిషికి లేదు. ఇప్పుడు ఆ మాట ఎగతాళి అని రాసివ్వాలా? ఛీ. ఆడబిడ్డ అర్ధమొగుడంటారుగా, ఆ హక్కుతో చెబుతున్నా, ఇది అన్నయ్య చెవిన వేయకు. వచ్చాడంటే దొరగారి ఎముకలు ఏరుకోవాలి.

ఉద్యోగం పోతే మీ ఇంటికే వస్తాను. ఆ చిన్న గది సర్ది ఉంచు.

నీ ఆడపడుచు


వదినా,

గది సర్దావా? అందులో నీ పాత సామానే పెట్టుకో.

విచారణకు పెద్దాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. మేం సభలో అన్న మాటలు ఒక్కొక్కటీ చదివి, ఇందులో మీ మేనేజరు ఎక్కడున్నారమ్మా అని అడిగింది. ఎక్కడా లేరండీ, నేను మిషన్ గురించే మాట్లాడాను అన్నాను. నిజమే చెప్పాను. పెద్దమ్మ పక్కన నిలబెట్టి పోల్చేంత గౌరవం ఆయనకు ఏనాడూ ఇవ్వలేదు నేను. దొరగారు ఆగలేకపోయాడు. లేచి బల్ల గుద్దాడు.

"అబద్ధం మేడమ్. ఆ రోజు నేను మిషన్ ఆపలేదని దెప్పడమే అది."

ఆవిడ కలం పక్కన పెట్టింది.

"ఏ రోజు?"

నేను జాకెట్టు పొడుగు చెయ్యి పైకి లాగి, ఇన్నాళ్లూ దాచుకున్న కాలిన చెయ్యి బల్ల మీద పెట్టాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను, వదినా. నొప్పికి కాదు, ఇలాంటివాడికా ఇన్నాళ్లు భయపడ్డాను అని సిగ్గేసింది. తలుపు బయట వింటున్న మడతల అక్కా డ్రైవరూ లోపలికొచ్చి తమ సంతకాలు వెనక్కి ఇమ్మన్నారు.

నిన్న ఆయన్ను పంపించేశారు. ఆఫీసు గుమస్తా వచ్చి, మీ అలవాటు ప్రకారం కేకు తెప్పించమంటారా అని అడిగాడు. కేకుదేముంది, తలా ఒక మంచి మాట చెప్పాలి కదా అంది మడతల అక్క. అందరం కూర్చుని ఆలోచించాం. ఒట్టు, చాలాసేపే ఆలోచించాం. తర్వాత ఒక్కొక్కరం లేచి దుప్పట్లు మడతపెట్టుకున్నాం.

ఇప్పుడు అన్నయ్యకు చెప్పెయ్యి.

నీ ఆడపడుచు