లివింగ్ రూమ్ టీవీ ఎవరిది?

మల్కాపురం,
జూన్ 9

201 ఫ్లాటు పీర్ మహమ్మద్ గారికి,

మీ కింద 101లో ఉంటున్న వీర్రాజు నమస్కరించి రాస్తున్నది. మేడ తలుపుకి మీరు తాళం వేసి మా వడియాలు వానపాలు చేసిన రోజున, మీతో జన్మలో మాట్లాడనని పదిమంది ముందు అన్నాను. ఎనిమిది నెలలైంది, ఆ మాట మీదే ఉన్నాను. రాయనని మాత్రం అనలేదు. అందుకే ఈ ఉత్తరం.

జనవరిలో మా ఆవిడ నాగమణికి పక్షవాతం వచ్చిన సంగతి మీకు తెలుసు. కుడి చెయ్యి పడిపోయింది. మాటలన్నీ మనసులో ఉన్నాయి, నాలుకే తిరగదు. ఆస్పత్రివాళ్ళు పొద్దున్న పదకొండు నుంచి పదకొండున్నర దాకా ఇంటర్నెట్‌లో మాట నేర్పే పాఠం పెట్టారు. ఆశాజ్యోతి అనే అమ్మాయి చెప్తుంది. ఆ అమ్మాయి పెదాలు ఎలా కదిపితే నాగమణి అలా కదపాలి. ఈవిడ పలికేది ఆ అమ్మాయి ఫోనులో వింటుంది. పాఠాన్ని కూడా ఫోనులోనే చూపిద్దామంటే ఆ పెదాలు పెసరగింజంత కనపడుతున్నాయి. అందుకని పెద్ద స్మార్ట్ టీవీ కొన్నాను, ఇంటర్నెట్ పెట్టె బిగించాను. మొదటి వారం పాఠం బ్రహ్మాండంగా నడిచింది.

నాలుగు రోజుల నుంచి మాత్రం, పదకొండు దాటగానే ఆశాజ్యోతి బొమ్మలా బిగుసుకుపోతోంది. నిన్న "ఆ" దగ్గర ఆగింది. మా ఆవిడ కూడా నోరు తెరుచుకుని అలాగే కూర్చుంది, పాపం, ఎప్పుడు మూయాలో తెలియక. సరిగ్గా అదే సమయానికి పైన మీరు ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నారు. నా ఇంటర్నెట్ మీరు లాక్కుంటున్నారని నా నమ్మకం. ముప్పై రెండేళ్ళు పోర్టులో క్రేన్ నడిపినవాణ్ణి. బరువు ఎటు లాగుతోందో తాడు చూసి చెప్పగలను.

దయచేసి ఆపండి.

ఇట్లు,
వీర్రాజు

తా.క. లోపం నా వైపు లేదు. పెట్టె మీద ఎర్రదీపం ఒక్క క్షణం ఆగకుండా కొట్టుకుంటోంది. అంత కష్టపడి పనిచేసే పెట్టెని నేను చూడలేదు.

*

201, మల్కాపురం,
జూన్ 10

వీర్రాజు గారికి పీర్ మహమ్మద్ సలాం.

మన మెట్లు తుడిచే పోతమ్మ మీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది. ఇస్తూ, "ఏటి బాబూ ఇది? పద్దెనిమిది మెట్లెక్కి సెప్పుకునే మాటకి కాయితాలేటి? తుడిసిన మెట్లు మళ్ళీ నానే తొక్కాలేటి?" అంది.

చెల్లెమ్మ నాగమణికి మాట రావాలని మా ఇంట్లో ఐదు పూటలా దువా చేస్తున్నాం. ఆ సంగతి వేరు. మీ నింద సంగతి వేరు.

మీ ఇంటర్నెట్ నాకెందుకండీ? నాకు రెండేళ్ళ నుంచి నా సొంత వైఫై ఉంది. మా ఆవిడ చాంద్ సుల్తానా ఐదో తారీకున అమ్మాయి పురిటికని సబ్బవరం వెళ్ళింది. అదే రోజు నేను మెట్ల మీద జారి చీలమండ బెణికించుకున్నాను. రెండు వారాలు మెట్లు దిగొద్దన్నాడు డాక్టరు. ఆవిడకి చెప్పలేదు, కంగారు పడుతుందని. అప్పటినుంచి పాతపట్నంలో మా ఆటో సీట్ల దుకాణాన్ని ఇంట్లోంచే నడుపుతున్నాను. పదకొండుకి దుకాణం తెరవగానే మా పనివాళ్ళు వీడియోలో కుట్టు చూపిస్తారు. నేను తప్పులు చెప్తాను.

ఇప్పుడు వినండి. నా వీడియో కూడా సరిగ్గా పదకొండుకే బిగుసుకుపోతోంది! నిన్న నీలం రెక్సిన్ అనుకుని సరే అన్నాను. కుట్టాక చూస్తే ఆకుపచ్చ. తాడు చూసి బరువు చెప్పేవారు, ఇది కూడా చెప్పండి. ఎవరిది ఎవరు లాక్కుంటున్నారు?

మీ శ్రేయస్సు కోరే,
పీర్ మహమ్మద్

తా.క. మేడ తాళం వేసింది నేను కాదు. ఆ రోజూ చెప్పాను.

*

101, మల్కాపురం,
జూన్ 12

పీర్ మహమ్మద్ గారికి,

మీ ఉత్తరం అందింది. నన్ను దొంగ అన్నారు. అరవై మూడేళ్ళ వయసులో ఈ మాట కూడా పడ్డాను.

నిన్న కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు నొక్కి, నా పెట్టెకి పాస్‌వర్డ్ మార్చేశాను. మీకు చెప్పను. మా ఆవిడకే చెప్పలేదు. ఒక వింత చూడండి. ఆ కొత్త పాస్‌వర్డ్ నేను టీవీకి కూడా చెప్పలేదు, మరిచిపోయాను. అయినా పదకొండుకి పాఠం దానంతట అదే వచ్చింది! యజమాని మనసు తెలిసిన టీవీ. మంచి షాపులో కొన్నందుకు ఫలితం.

కానీ పదకొండుంబావుకి ఆశాజ్యోతి మళ్ళీ బిగుసుకుపోయింది. అంటే పూట తిరక్కుండా నా కొత్త పాస్‌వర్డ్ కూడా మీరు పట్టేశారన్నమాట. ఎలా పట్టారో పోలీసులే తేలుస్తారు.

ఇది ఆట కాదని మీకు తెలియాలి. నెలాఖరున ఆస్పత్రిలో పరీక్ష ఉంది. ఒక పూర్తి వాక్యం తడబడకుండా చెప్పాలి. నాగమణి ఇప్పటికి విడివిడిగా పన్నెండు మాటలు అంటోంది. ఈ పాఠం కోసం బయట నలభై మంది కాచుకుని ఉన్నారట. వరసగా మూడు రోజులు హాజరు లేకపోతే మా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

ఇట్లు,
వీర్రాజు

తా.క. ఆ పన్నెండు మాటల్లో నా పేరు ఇంకా లేదు. "పోతమ్మ" ఉంది.

*

201, మల్కాపురం,
జూన్ 14

వీర్రాజు గారికి సలాం.

పోలీసుల మాట ఎత్తారు కాబట్టి నేను కూడా సాక్ష్యం వెతికాను. మా అల్లుడు షానవాజ్ కంప్యూటర్ల పని చేస్తాడు. నా వైఫైని ఎవరెవరు వాడుతున్నారో ఫోనులో ఎలా చూడాలో నేర్పాడు. చూశాను. మూడు పేర్లున్నాయి.

మొదటిది నా ఫోను. రెండోది మా టీవీ, దాని పేరు చాంద్, మా ఆవిడే పెట్టింది. మూడోది "లివింగ్ రూమ్ టీవీ". ఇది మాది కాదు. పక్క వాటాలకి తాళాలు. ఈ మెట్ల వరసలో కొత్త టీవీ కొన్నది మీరొక్కరే. రోజూ పదకొండుకి వచ్చి, పదకొండున్నరకి వెళ్ళిపోతోంది.

నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. కానీ నన్ను దొంగ అనడం మాత్రం మానండి.

మీ శ్రేయస్సు కోరే,
పీర్ మహమ్మద్

తా.క. పోతమ్మకి మీరు టీ ఇచ్చారట. నేను బిస్కట్లు కూడా ఇచ్చాను. ఇప్పుడు ఉత్తరం ఇచ్చినా "జవాబు రాయండి బాబూ, నాను కూసుంతాను" అంటోంది.

*

101, మల్కాపురం,
జూన్ 15

పీర్ మహమ్మద్ గారికి,

మీ సాక్ష్యం చదివి నవ్వుకున్నాను. లివింగ్ రూమ్ టీవీ అట! మా ఇంట్లో లివింగ్ రూమ్ లేదు. మాది హాలు. ఇల్లు కొన్నప్పుడు కాగితాల్లో కూడా హాలు అనే ఉంది. కావాలంటే చూపిస్తాను. మా టీవీ హాల్లో ఉంది. కాబట్టి ఆ టీవీ ఎవరిదో వాళ్ళ ఇంటికి వెళ్ళి అడగండి.

ఇంకొక్క మాట. నాది మీ వైఫై మీద నడుస్తోందని అంత నమ్మకమైతే, మీది ఆపి చూడండి. పాస్‌వర్డ్ మార్చుకోండి. నా టీవీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అప్పుడు ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో తేలుతుంది.

ఇట్లు,
వీర్రాజు

*

201, మల్కాపురం,
జూన్ 17, పొద్దున్న 11.40

వీర్రాజు గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. పదకొండుకి ఐదు నిమిషాలుండగా పాస్‌వర్డ్ మార్చాను. ఇవాళ నా వీడియో ఎంత బాగుందంటే, రెక్సిన్ మీద సూది గుచ్చిన రంధ్రాలు లెక్కపెట్టాను.

కానీ కింద మీ ఇంట్లోంచి "ఆ, ఈ" అని రోజూ వినపడే గొంతు ఇవాళ వినపడలేదు. అంతా కులాసాయేనా?

పీర్ మహమ్మద్

*

101, మల్కాపురం,
జూన్ 18, సాయంత్రం

పీర్ మహమ్మద్,

రెండు రోజులైంది. టీవీలో ఏమీ రావడం లేదు. చక్రం తిరుగుతోంది, అంతే. పెట్టె తీసి పెట్టాను. తీగ పీకి మళ్ళీ గుచ్చాను. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపిస్తున్నారు. నిన్న పదకొండుకి నాగమణి కుర్చీలో కూర్చుని, జుట్టు దువ్వించుకుని టీవీ వైపే చూసింది. పదకొండున్నరయ్యాక నేను టీవీ ఆపబోతే ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఇవాళ కూడా అలాగే కూర్చుంది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఉన్న పన్నెండు మాటలు కూడా అనడం లేదు.

మీరేం చేశారో నాకు తెలియదు. తీగ కోయించారో, మీ అల్లుడితో ఏదైనా మంత్రం వేయించారో. ఫిర్యాదు రాసి పెట్టాను. రేపు పొద్దున్న స్టేషన్‌కి వెళ్తాను. రేపటి పాఠం తప్పితే మూడోది.

నా మీద కోపం ఉంటే నా మీద తీర్చుకోండి. కింద ఆటో స్టాండులో అందరి ముందూ నన్ను తిట్టండి, తలొంచుకుని నిలబడతాను. ఆవిడ మిమ్మల్ని ఏమీ అనలేదు. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు.

వీర్రాజు

*

201, మల్కాపురం,
జూన్ 18, రాత్రి 8

వీర్రాజు గారికి సలాం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అల్లా సాక్షిగా నేను ఏ తీగా ముట్టుకోలేదు. పైనుంచి కాలు కదపలేనివాణ్ణి, కింద తీగ ఎలా కోస్తాను?

మా ఇంట్లో టీవీ ఉంది, రేపు పదకొండుకి ఇక్కడికి తీసుకురండి అని రాయబోయాను. చెల్లెమ్మ మెట్లు ఎక్కలేదు. నేను దిగలేను. మధ్యలో పద్దెనిమిది మెట్లున్నాయి, మనిద్దరికీ బుద్ధి లేదు.

ఎవరి టీవీ ఎవరి వైఫై మీద నడిచిందో నాకు అక్కర్లేదు. నా కొత్త పాస్‌వర్డ్ ఈ కాగితం వెనక రాశాను. మీ టీవీలో సెట్టింగులు నొక్కితే వైఫైల పేర్లు వస్తాయి. "పీర్ సీట్స్" అన్నది నాది. దాని మీద నొక్కి, ఇది కొట్టండి. పదకొండుకి నా ఫోను ఆపేస్తాను. దుకాణంలో ఏ రంగు కుట్టుకుంటే ఆ రంగు కుట్టుకోనీ.

మీ,
పీర్ మహమ్మద్

తా.క. పోతమ్మ ఇంటికి వెళ్ళిపోయే వేళ అయినా ఆగింది. ఆలస్యం చెయ్యకండి.

*

101, మల్కాపురం,
జూన్ 19, పొద్దున్న 9

అన్నయ్యకి,

నాగమణి రాస్తున్నది. ఎడమచేత్తో రాయడం ఇదే మొదటిసారి, వంకరలు క్షమించండి. రాత్రి మొదలుపెట్టాను, ఇప్పటికి అయింది.

మీరు వెతుకుతున్న దొంగ ఆయన కాదు. నేను.

పెట్టె బిగించిన మనిషి వెళ్తూ, "వీధిలోకి లైను ఇంకా రాలేదమ్మా, ఎర్రదీపం ఆరిపోతే వచ్చినట్టు" అని నాతో చెప్పాడు. ఆయన అప్పుడు చేపల బజారుకి వెళ్ళారు. వచ్చాక చెబుదామంటే నాకు మాట లేదు. మర్నాడే మొదటి పాఠం. ఆయన వాకింగుకి వెళ్ళగానే వదిన కిందికి వచ్చింది. మీ ఇద్దరికీ తెలియదు గానీ, చాంద్ సుల్తానా వదిన ఈ ఐదు నెలలూ రోజూ వచ్చి నా జడ వేసి వెళ్ళేది. నేను ఎర్రదీపం చూపించి ఏడ్చాను. వదిన రిమోట్ తీసుకుని మీ వైఫై పేరు నొక్కి, పాస్‌వర్డ్ కొట్టింది. బొమ్మ వచ్చింది. మీ ఇద్దరికీ చెప్పొద్దని నేనే చేతులు పట్టుకున్నాను. తెలిస్తే ఈయన పౌరుషానికి టీవీ తీసి అటక మీద పెట్టేస్తారు. ఈయన తిరిగొచ్చి, పాఠం చూసి, పెట్టెని తడిమి "శభాష్" అన్నారు.

తర్వాత వదిన సబ్బవరం వెళ్ళింది. మీరిద్దరూ ఉత్తరాలు మొదలుపెట్టారు. ఆయన ప్రతి ఉత్తరం నాకు చదివి వినిపించేవారు. నేను చెయ్యి ఊపి వద్దు వద్దంటే, "చూశావా, నీకు కూడా కోపం వచ్చింది" అనేవారు.

నిన్న రాత్రి మీ ఉత్తరం మొదటి నాలుగు లైన్లు చదివి, వెనక్కి తిప్పకుండానే చింపేశారు. ముక్కలు చెత్తబుట్టలో, వాటి మీద టీ పొడి; తర్వాత ఏరి చూస్తే వెనక పాస్‌వర్డ్ చెరిగిపోయి ఉంది. పొద్దుటిదాకా ఎందుకు, ఇప్పుడే వెళ్తానని ఫిర్యాదు కాగితం జేబులో పెట్టుకుని చెప్పులేసుకున్నారు. గుమ్మం దాటబోతున్నారు. ఆశాజ్యోతి చెప్పినట్టు ఊపిరి పీల్చి, నాలుక పైకి ఆనించి, అన్నాను:

"మన పెట్టె పని చెయ్యదు."

ఐదు నెలల్లో నా నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. వెనక్కి తిరిగారు. ఏడుస్తారనుకున్నాను. "ఏ పెట్టె?" అన్నారు.

అందుకని ఎర్రదీపం చూపించి, రెండో వాక్యం కూడా చెప్పాల్సి వచ్చింది: "పాఠం అన్నయ్య వైఫైది."

అప్పుడు ఏడ్చారు. చాలాసేపు. తర్వాత పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పొద్దున్న లేచి చూసినా అక్కడే ఉన్నారు.

పదకొండుకి పాఠం. పాస్‌వర్డ్ ఇంకొకసారి రాసి పంపండి, అన్నయ్యా.

మీ చెల్లెలు,
నాగమణి

తా.క. పరీక్షకి "నా పేరు నాగమణి, మాది మల్కాపురం" అని తయారు చేసుకుంటున్నాను. అది ఇంకా రావడం లేదు. అడిగితే "మన పెట్టె పని చెయ్యదు" అనే చెప్తాను.

(కింద వేరే చేతిరాతతో)

బావా, కాస్త పెద్ద అక్షరాలతో రాయి. నా కళ్ళు ఇవాళ బాగా లేవు. రాసి పంపక్కర్లేదులే, నేనే పైకి వస్తున్నాను.