ఇస్త్రీ బల్ల తరఫున ఒక విన్నపం

హన్మకొండ,
5 అక్టోబర్ 2025, ఆదివారం.

మహా గౌరవనీయులైన ఉస్తాద్ ఫకీర్ మహమ్మద్ గారికి, బీకాం పాసై, మీ హార్మోనియం క్లాసులో మాత్రం ఫెయిలై, గుమ్మం బయటికి సాగనంపబడిన శిష్యుడు మధు సలాములతో మనవి చేసుకునేది:

నేను క్షేమం. నా అరేంజర్ కీబోర్డు కూడా క్షేమం. మీ సంగతి మీ అమ్మాయి ఆసిమక్కను అడిగాను. దవాఖాన నుంచి వచ్చినకాంచి గాలితిత్తి కొట్టనీకి అబ్బకు ఎడమచెయ్యి లేస్తలేదు, హార్మోనియం మీద దుప్పటి కప్పిండు, ఎవ్వల్ని ముట్టనిస్తలేడు అని చెప్పింది. కుడిచేతి వేళ్లు మాత్రం మంచం పట్టె మీద ఆడుతూనే ఉంటాయట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకూ ఒకచోట కాలు నిలవడం లేదు. మీ గల్లీ మలుపు దాకా వస్తాను, మళ్లీ తిడతారని వెనక్కి పోతాను. అందుకే ఈ ఉత్తరం ఆసిమక్క చేతికిచ్చి పంపుతున్నాను. దీన్నైతే గుమ్మం దగ్గర ఆపలేరు కదా.

ఇక అసలు వివాదం. నా కీబోర్డును చూసి, ఇది వాయిద్యం కాదు, ఇస్త్రీ బల్ల అన్నారు మీరు. ఎడమచేత్తో ఒక్క మీట నొక్కితే ఢోలక్, గిటార్ అన్నీ అదే వాయిస్తది, మరి నువ్వేం జేస్తవ్‌రా, పక్కన నిలబడి చప్పట్లు కొడ్తవా అని అందరి ముందు అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు నాకు మడికొండలో దొరికింది.

మొన్న అక్కడి కొత్త కాలనీవాళ్లు బతుకమ్మ ఆటకు వాయించమని పిలిచారు. ఢోలక్ రిథమ్ పెట్టి, ప్రారంభోత్సవానికొచ్చిన పెద్దమనిషిలా నిలబడ్డాను. మొగిలమ్మవ్వ పాట ఎత్తుకుంది. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నారు. చరణం చివర దమ్ము తీసుకోవడానికి అవ్వ ఆగింది. మిషన్ ఆగలేదు. కొందరు దాని వెంట పోయారు, కొందరు అవ్వ కోసం ఆగారు. చప్పట్లు చెదిరిపోయి, ఒకావిడ ముందున్నావిడ మడమ తొక్కింది. అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని, నీ డబ్బకు దమ్ము తీసుకునుడు రాదా బిడ్డా, మేం దాని ఎంబడి పడాల్నా, అది మా ఎంబడి రావాల్నా అని అడిగింది.

అవమానభారంతో రిథమ్ ఆపేశాను. హార్మోనియం స్వరం పెట్టుకుని, అవ్వ ఆగిన చోట ఆగాను, సాగదీసిన చోట సాగదీశాను. తాళం వాళ్ల చప్పట్లదే. నీ వేళ్లను జూడకు, పాడేటోళ్ల గొంతు జూడు అని మీరు మొత్తుకున్నది ఇదే కదా! వాళ్లు పూలు వాడేదాకా ఆడారు. చివరికి అవ్వ నా చేతిలో ప్రసాదం మలీద ముద్ద పెట్టి, ఇప్పుడొచ్చింది నీ డబ్బకు బుద్ధి అంది. బుద్ధి వచ్చింది డబ్బాకు కాదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

కాబట్టి తమరి కోర్టుకు నా విన్నపం. మీట నొక్కి పక్కన నిలబడేవాడి దగ్గర అది ఇస్త్రీ బల్లే, ఒప్పుకుంటాను. కానీ సంగీతం తెలిసిన చేతిలో పడితే ఏమవుతుంది? నా చేయి ఇంకా సగమే నేర్చింది, సాక్ష్యానికి పనికిరాదు. తీర్పు మీరే ఇవ్వాలి. అయితే ముట్టకుండా ఇచ్చిన తీర్పు చెల్లదు.

ఇట్లు,
మీరు కాదన్నా మీ శిష్యుడే,
మధు.

తా.క.: మడికొండలో రిథమ్ ఆపాక ఇంకో పని చేశాను, ఎవరికీ చెప్పలేదు. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. ఆట అయిపోయేదాకా బయటికి తియ్యలేదు. పోరడు స్టైల్ కొడ్తాండని ఆడవాళ్లు నవ్వారు, నవ్వనీ. దీనికి తిత్తి లేదు ఉస్తాద్. ఒక్క చెయ్యి చాలుతుందో లేదో చూద్దామనుకున్నాను. చాలింది. పొద్దున ఆసిమక్క మీ ముందు గదిలో ఏదో పెట్టి, దుప్పటి కప్పి, ఇస్త్రీ బల్ల అని చెప్పింది కదా, జర ఆ దుప్పటి తియ్యండి. ప్లగ్గు పెట్టే ఉంది. నేను గల్లీ మలుపులోనే ఉన్నాను. అక్కడిదాకా వినబడుతుంది.